కలేవా కోటగోడ చెంత నిధివేట

ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున, రెడింగు, బేసింగ్‌స్టోకు పట్టణముల నడుమ, సిల్చెస్టర్ అను చిన్న గ్రామము చెంత, పలుకోణములు దీరి నేలను చుట్టుకొనిపోవు ఒక పురాతన ప్రాకారము కలదు. చుట్టుకొలత రెండున్నర కిలోమీటర్లకు కొంచెము తక్కువ; కొన్నిచోట్ల నేటికిని నాలుగు మీటర్ల యెత్తు. క్రీస్తుశకము మూడవ శతాబ్ది చివరి భాగమున కట్టబడిన యీ గోడ నూరెకరముల భూమిని నేటికిని కాపాడుచున్నదిగాని, కాపాడబడినదేదో చూతమని లోనికి పోయినవానికి పచ్చికబయళ్లు, మేయు పశువులు, తూర్పు అంచున పండ్రెండవ శతాబ్దినాటి చిన్న చర్చి తప్ప మఱేమియు విశేషముగ కానరావు. రోమక సామ్రాజ్యకాలమున ఇది కలేవా అట్రెబాటుమ్ అను నగరము. అట్రెబాటులను స్థానికజాతికి ముఖ్యస్థానము. లండనునుండి పడమరకు సాగు రాజమార్గము ఇచటికి వచ్చి, ఇచటినుండి పలుదిక్కులకు చీలిపోయెడిది. లండను, యార్కు, వించెస్టర్ మున్నగు తక్కిన రోమక నగరములపై మధ్యయుగపు ఊళ్లును, వానిపై నేటి పట్టణములును లేచి, పాతవానిని తమ పునాదులక్రింద అణగద్రొక్కగా, సిల్చెస్టర్ మాత్రము ఐదవ శతాబ్దికిని ఏడవ శతాబ్దికిని నడుమ నిర్మానుష్యమై, మఱల ఎవ్వరును దానిపై ఊరు కట్టనందున, తన వీథులను, అంగళ్లను, స్నానశాలలను పలుచని మంటిపొర క్రింద దాచుకొని నిలిచిపోయినది.

ఈ ప్రాకారము వెంబడి కాలిబాటపై నడచువారిలో కొందఱు గోడను చూడరు, చేతిలోని ఫోనును చూచుచుందురు. పది అడుగులు ముందునకు, నాలుగు అడుగులు వెనుకకు వేసి, ఇటునటు పరికించి, ఎవ్వరును తమ్ము గమనించుట లేదని తోచిన పిదప, ఒక చెట్టు మొదట మోకరించి వేళ్లసందున చేయి పెట్టుదురు. చిక్కినది అరచేతిలో నిముడు ప్లాస్టిక్కు డబ్బా. అందులో ఒక కాగితపు చుట్ట. దానిపై తమకు ముందు వచ్చినవారి మాఱుపేర్లును తేదీలును. తమ పేరు నందులో వ్రాసి, డబ్బాను మునుపున్నచోటనే మునుపున్నట్లే దాచి, దుమ్ము దులుపుకొని పోవుదురు. జియోకాషింగ్ అను నీ క్రీడలో ఒకడు దాచి, ఆ తావుయొక్క అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించును. తక్కినవారు వానిని పట్టుకొని వెదకుదురు. నేడు భూమండలమున ముప్పది లక్షలకు పైబడి ఇట్టి పెట్టెలు దాగియున్నవి. డబ్బాలో దొరకు వస్తువు చిల్లరబొమ్మయో, వట్టి కాగితమో; దాని వెల కానీకి మించదు. అయినను వర్షములో, బురదలో దానికై తిరుగువారు పామరులు కారు. వస్తువు నిరర్థకమైనను దాని స్థానము సార్థకము కాగలదని వారు ఆటలో గ్రహించినదియు, ఆ గోడ లోపల నూటయేబది ఏండ్లుగా త్రవ్వుచున్న పురాతత్త్వవేత్తలు శ్రమపడి నేర్చుకొన్నదియు ఒక్కటే యని చెప్పుటకే యీ వ్యాసము.

దాచి వెదకు వినోదము ఇంగ్లండులో క్రొత్తదికాదు. 1854లో జేమ్స్ పెరట్ అను మార్గదర్శకుడు డార్ట్‌మూరు బీడుభూములలో, క్రేన్‌మియర్ పూల్ అను దుర్గమస్థలమున, అంతదూరము రాగలిగినవారు తమ పేరు చీటీలు వేయుటకై ఒక సీసా నుంచినాడు. దానినుండి ఒక సంప్రదాయమే పెరిగినది. అయితే ఆకాశమునుండి వచ్చు సంకేతములతో వెదకు నేటి క్రీడకు జన్మదినమును ఇంచుమించు గంటతోసహా చెప్పవచ్చును. అమెరికా సైన్యము నడపు జి.పి.ఎస్. ఉపగ్రహములు, శత్రువులకు ఉపకరింపరాదను తలంపుతో, సామాన్యులకు పంపు సంకేతమున బుద్ధిపూర్వకముగ కొంత దోషమును కలిపెడివి. దానివలన సాధారణ యంత్రము చెప్పు స్థానము నూరు మీటర్ల వఱకు తప్పెడిది. అధ్యక్షుడు క్లింటన్ 2000 మే 1వ తేదీన ఆ దోషమును తొలగింప నాజ్ఞాపించగా, ఆ నడిరేయి దాటగనే లోకమందలి యంత్రములన్నియు పదిరెట్లు నిక్కచ్చియైనవి. మే 3వ తేదీన డేవ్ అల్మర్ అను ఇంజనీరు ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ చెంత ఒక నల్లని ప్లాస్టిక్కు బకెట్టులో పుస్తకములు, వడిసెల, చిక్కుడుగింజల డబ్బా మున్నగునవి పెట్టి, దానిని సగము నేలలో పూడ్చి, స్థానాంకములను ప్రకటించెను. మైక్ టీగ్ అనునతడు కొలదిదినములలోనే పోయి దానిని మొట్టమొదట పట్టుకొనెను. ఆదిపెట్టె సగము భూస్థాపితమగుట చిత్రమే. ఏలయన నేల త్రవ్వరాదనునది ఈ క్రీడకు ఇప్పుడు ప్రధాన నియమము. ఆ నియమము సిల్చెస్టర్ వంటి చోట నెంత యవసరమో ముందు చూడగలము.

స్థానమును యంత్రము కనుగొను తీరు వినుటకు సులభము, సాధించుటకు దుర్ఘటము. మెఱుపు మెఱసినది మొదలు ఉఱుము వినబడువఱకు లెక్కపెట్టుకొని పిడుగు ఎంత దూరమున పడినదో మన పల్లెపెద్దలు అంచనా కట్టుదురు; ఫోను చేయు పనియు అదియే. భూమికి 20,200 కిలోమీటర్ల యెత్తున, రమారమి పండ్రెండు గంటల కొక ప్రదక్షిణము చేయుచు తిరుగు ఉపగ్రహములలో ప్రతిదియు, నేనిప్పుడీ స్థానమున నున్నాను, నా గడియారమున వేళ యింత, అని ఎడతెగక చాటుచుండును. ఆ రేడియోసంకేతము కాంతివేగమున వచ్చి చేరుటకు సెకనులో పదునైదవవంతు పట్టును. బయలుదేరిన వేళకును చేరిన వేళకును గల భేదమును కాంతివేగముచే గుణించిన దూరము తెలియును. ఒక ఉపగ్రహమునుండి దూరము తెలిసినచో మనము ఒక మహాగోళపు ఉపరితలముపై నెక్కడనో యున్నామని తేలును. రెండింటి గోళములు ఒక వృత్తమున ఖండించుకొనును. మూడవది ఆ వృత్తమును రెండు బిందువులకు దింపును. వానిలో నొకటి అంతరిక్షమున నుండుటచే త్యాజ్యము. ఇంతవఱకు రేఖాగణితము. ఇక చిక్కు గడియారముది. సెకనులో పదిలక్షలవ వంతు తప్పినచో దూరము మూడు వందల మీటర్లు తప్పును. ఉపగ్రహములలో పరమాణు గడియారములు కలవుగాని, జేబులోని ఫోనులో నున్నది చౌకయైన స్ఫటిక గడియారము. అందుచేత నాలుగవ ఉపగ్రహమును పిలిచి, మూడు దిక్కులతోపాటు తన గడియారపు తప్పునుగూడ ఒక అవ్యక్తరాశిగా పెట్టుకొని, నాలుగు సమీకరణములను సాధించి, యంత్రము తన చోటును తెలిసికొనును. సరియైన వేళయు దానితోపాటు తేలును.

ఐన్‌స్టీను సిద్ధాంతమునకు నిత్యజీవితమున ఏమి ప్రయోజనమని యడుగువారికి ఈ డబ్బావేటగాండ్రను చూపవచ్చును. ఉపగ్రహము సెకనుకు సుమారు నాలుగు కిలోమీటర్ల వేగమున పోవుచుండుటచే, విశేష సాపేక్షతా సిద్ధాంతము ననుసరించి దాని గడియారము దినమునకు ఏడు మైక్రోసెకనులు వెనుకబడును. భూమికి అంతదూరమున గురుత్వాకర్షణము క్షీణించియుండుటచే, సామాన్య సాపేక్షతా సిద్ధాంతము ననుసరించి నలుబదియైదు మైక్రోసెకనులు ముందునకు పోవును. నికరముగ ముప్పదియెనిమిది మైక్రోసెకనుల లాభము. అల్పమని తలచి యుపేక్షించితిమా, ఒక్క దినములో దూరపు లెక్క పదకొండు కిలోమీటర్లు చెడును. కలేవా గోడ చెంత వెదకువాడు రెడింగు పట్టణపు పొలిమేరలలో తిరుగవలసివచ్చును. కావున ఉపగ్రహము నెగురవేయుటకు ముందే దాని గడియారమును ఆ మేరకు మందగమనమునకు దిద్ది పంపుదురు. 1977లో ఎన్.టి.ఎస్.-2 అను ప్రయోగాత్మక ఉపగ్రహమును పంపినపుడు, ఈ దిద్దుబాటు నిజముగ నవసరమా యను సంశయము కొందఱికి మిగిలియుండెను గనుక, దానిని కావలసినపుడు పనిచేయించు ఏర్పాటొకటి యందమర్చి, మొదట ఇరువది దినములు దిద్దకయే విడిచి చూచిరి. గడియారము ఇంచుమించు సిద్ధాంతము చెప్పినంతయు ముందునకు పరుగెత్తినది. సంశయాత్ములకు ఇంతకంటె మర్యాదయైన సమాధానము లేదు.

ఇంత యాడంబరమును కట్టకడపట నాలుగైదు మీటర్లకడ తడబడును. ఆకాశము తేటగ కనబడు బయలున ఫోనుకు అంతకు మించిన నిశ్చయము సాధారణముగ లభింపదు. తడిసిన ఆకులు సంకేతమును మ్రింగును. గోడలు దానిని త్రిప్పికొట్టి దూరమును పెంచి చూపును. వాతావరణపు పైపొరలోని విద్యుత్కణములు దానిని ఆలస్యము చేయును. ఆటకాండ్రు స్థానాంకములను డిగ్రీలలో, నిమిషములలో, నిమిషమునందు వెయ్యవ వంతువఱకు వ్రాయుదురు. అక్షాంశమున ఆ వెయ్యవవంతు ఎచ్చటనైనను 1.85 మీటర్లు, రేఖాంశములు ధ్రువమువైపు దగ్గరకు వచ్చుచుండుటచే 51 డిగ్రీల ఉత్తరముననున్న సిల్చెస్టర్‌లో మాత్రము రేఖాంశమున అది 1.16 మీటర్లు. లెక్క అంత సన్ననైనను యంత్రము అంత సన్నగ చూడలేదు గనుక, చివరి పది అడుగులలో ఉపగ్రహములను మఱచి కన్నులకు పనిచెప్పవలసినదే: సహజముగ పడినట్లులేని పుల్లలకుప్ప, కొంచెము అతిగా సర్దినట్లున్న రాయి, కంచెమేకునకు ఉండరాని బొడిపె. అనుభవశాలురైన ఆటకాండ్రు ఈ చివరి యంశమునే క్రీడయొక్క రుచి యందురు. నాకును వారి మాట యథార్థమనియే తోచుచున్నది.

అంకెలు సరిగ నున్నను పటము వేఱగుటచే మోసపోవుటయు కలదు. లండనుకడ గ్రీనిచ్ వేధశాలలో ఇత్తడి గీతపై ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలుచు యాత్రికుని ఫోను అతడు శూన్యరేఖాంశమున నున్నట్లు చూపదు, జి.పి.ఎస్. లెక్కలోని శూన్యరేఖ దానికి తూర్పున 102 మీటర్ల దూరమున పచ్చికలో పోవుచున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఎయిరీ పండితుడు స్థానికమైన గురుత్వదిశను లంబముగ గొని నక్షత్రములను చూచి నిర్ణయించిన రేఖ అది. ఉపగ్రహములు భూకేంద్రమును ఆధారముగ గొని నిర్ణయించిన రేఖ ఇది. బ్రిటిషు సర్వేశాఖవారి పాత పటములకును ఉపగ్రహముల అంకెలకును దేశమంతట ఇట్టిదే వంద మీటర్ల మేర భేదము కలదు. ఒక పటమునుండి తీసికొన్న అంకెలను మఱియొక పద్ధతిలో నడచు యంత్రమున కందించినవాడు గోడకు లోపలనుండవలసినది వెలుపల వెదకుచు సాయంకాలమగువఱకు తిరుగును.

నగరములకు అక్షాంశ రేఖాంశములు కట్టుట కలేవాకు నేడు పట్టిన భాగ్యము కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్ది నడుమ అలెగ్జాండ్రియాలో నుండిన టాలెమీ తన భూగోళగ్రంథమున ఎనిమిదివేల తావులకు స్థానాంకములు వ్రాసెను. బ్రిటనుద్వీపమునకు సంబంధించిన అధ్యాయమున అట్రెబాటుల నగరమును కలదు. అదే గ్రంథమున కృష్ణానదీ ముఖప్రాంతమగు మైసోలియా సీమయు, పండితులు నేటి ఘంటసాలగ గుర్తించిన కంటకోస్సుల అను వర్తకస్థానమును కలవు. ఒకే పట్టికలో, ఒకే శూన్యరేఖనుండి కొలువబడి, సిల్చెస్టరును ఘంటసాలయు పదునెనిమిది శతాబ్దులక్రిందటనే స్థానాంకముల నందుకొన్నవి. అంకెలు మాత్రము నమ్మదగినవి కావు. అక్షాంశమును సూర్యుని యెత్తునుబట్టియో, సంవత్సరమున మిక్కిలి దీర్ఘమైన పగటి పరిమాణమునుబట్టియో గుర్తింపవచ్చును. రేఖాంశమునకు రెండుచోట్ల ఒకే క్షణమున వేళ యెంతయో తెలియవలెను. అందులకు టాలెమీకి దొరకిన సాక్ష్యము ప్రధానముగ ఒక్క చంద్రగ్రహణము: క్రీ.పూ. 331లో అర్బేలాలో రాత్రి ఐదవగంటకును కార్తేజిలో రెండవగంటకును కనబడినదట. మూడు గంటల భేదమనగా నలుబదియైదు డిగ్రీలు. నిజమునకు ఆ రెంటికి నడుమ ముప్పదినాలుగు డిగ్రీలకు మించి లేదు. గంట చెప్పినవాడు ముప్పావుగంట తప్పెను. భూపటము తూర్పుపడమరలుగ సాగిపోయెను. సరియైన గడియారములేమి వలననే ఆ మహానుభావుని శ్రమ వక్రించినది. ఇప్పటి ఉపగ్రహములు తమతో మోసుకొనిపోవునది ఆ గడియారమే.

ఇక నేలపైనుండి నేలలోనికి దిగుదము. కట్టించినవాడు పూడ్చింపక, వఱదలు రాక, అగ్నిపర్వతము బ్రద్దలుగాక, ఒక నగరమెట్లు భూగర్భమునకు పోయినది? ఈ ప్రశ్న డార్విను పండితుని వార్ధక్యమున బాధించినది. 1881లో, మరణమునకు ముందటేడు, ఆయన ప్రకటించిన వానపాముల గ్రంథమున ప్రాచీనభవనములు పూడుకొనిపోవుటకు ఒక అధ్యాయమే కేటాయింపబడినది. అందు సిల్చెస్టర్ ప్రముఖముగ కనబడును. వానపాము మన్ను తిని, నేలపైకి వచ్చి, మెత్తని కుప్పలుగ విసర్జించును. ఇంగ్లండులో పలుతావుల ఏటేట ఎకరమునకు 10,516 కిలోగ్రాముల పొడిమన్ను ఈ విధముగ వాని దేహములగుండ పైకి వచ్చుచున్నదని డార్విను లెక్క. పైకి వచ్చిన మన్ను పైనున్న వస్తువులను కప్పుచుండగా, మన్ను పోయిన బొరియలు క్రింద కూలుచుండుటచే వస్తువులు దిగబడుచుండును. గోడలు లోతైన పునాదులపై నున్నవి గనుక నిలిచినవి. గచ్చునేలలు మాత్రము నడుమ క్రుంగి, చుట్టు గోడలకంటుకొనినచోట యెత్తుగ మిగిలినవి. సిల్చెస్టరులో ఆనాడు త్రవ్వుచుండిన జాయిస్ అను మతాచార్యుడు నేలపొరల నిలువుకోతల వివరములను డార్వినునకు అందించెను. అహంకారముతో లోకము నేలిన సామ్రాజ్యపు నగరమును నిశ్శబ్దముగ సమాధిచేసి, ఆ సమాధివలననే దానిని రైతుల నాగళ్లనుండి కొంతవఱకు కాపాడిన ఘనత ఈ క్షుద్రజంతువులదే.

పూడిపోయినను నగరము తన రూపమును పూర్తిగ దాచుకొనలేకపోయినది. ఎనిమిదవ హెన్రీ రాజునాటి పురావస్తుజిజ్ఞాసువగు జాన్ లేలాండ్ ఈ గోడలలోపల కొన్నిచోట్ల పైరు చూచుటకు ఏపుగ నెదిగియు, పండు వేళకు వాడిపోవుట గమనించి అబ్బురపడెను. కారణము సామాన్యమైనది. రాతిపునాదిపై మన్ను పలుచన గనుక తేమ త్వరగ ఇంకిపోయి, పైరు కుఱచయై ముందుగ పసుపువాఱును. పాత కందకము, గొయ్యి యున్నచోట మన్ను లోతు గనుక పైరు పచ్చగ నిలుచును. అనావృష్టి కాలమున విమానమునుండి చూచినచో వీథులన్నియు గీతలు గీచినట్లు కానవచ్చును. 2018 వేసవిలో బ్రిటనుదేశమంతట ఇట్టి మఱుగుపడిన నిర్మాణములు పెక్కు పైరులలో బయలుపడినవి.

జాయిస్ 1866 అక్టోబరు 9వ తేదీన నగరపు న్యాయసభామందిర శిథిలములలో, కాలిన పొరల నడుమ, ఱెక్కలు పోయిన ఒక కంచుగరుడుని కనుగొనెను. సైనికదళముయొక్క ధ్వజచిహ్నమే యిదియనియు, శత్రువులు మీదపడినపుడు ఎవడో దీనిని పైకప్పునందు దాచగా మందిరము తగులబడినదనియు ఆయన భావించెను. ఆ యూహ ఎంత మనోహరమైనదనగా, రోజ్‌మరీ సట్‌క్లిఫ్ 1954లో ప్రకటించిన సుప్రసిద్ధ బాలలనవలకు అదియే బీజమైనది. తరువాతివారు పరికించి, వంగిన గోళ్లు ఏదో గోళమును పట్టుకొని యుండినట్లున్నవనియు, జూపిటరు దేవుని విగ్రహముచెంతనో, చక్రవర్తి విగ్రహముచెంతనో యుండిన పక్షి యిదియనియు నిర్ణయించిరి. జాయిస్ కథ వీగిపోయినది. కాని జాయిస్ ఏ పొరకు పైన, ఏ పొరకు క్రింద అది దొరకినదో శ్రద్ధగ వ్రాసియుంచెను గనుకనే ఆ చర్చకు ఆధారము మిగిలినది. ఆ గరుడుడు నేడు రెడింగు ప్రదర్శనశాలలో నున్నాడు.

1890 మొదలు 1909 వఱకు లండను పురావస్తుసంఘమువారు గోడలోపలి నేలనంతయు కందకములు త్రవ్వి, బ్రిటనులో మఱే రోమక నగరమునకును లేనంత సమగ్రమైన పటమును సిద్ధము చేసిరి. పటము చూచుటకు ఠీవిగ నుండును. లోపమేమనగా, వారు రాతిగోడ తగిలినచో దానివెంట పోయిరి. కొయ్యతో, మట్టితో కట్టిన యిండ్లు నేలపై మిగుల్చు రంగుమచ్చలను వారు గుర్తింపలేదు. రెడింగు విశ్వవిద్యాలయమువారు మైకేల్ ఫుల్ఫర్డ్ ఆధ్వర్యవమున 1997 నుండి 2014 వఱకు ఒకే వీథిచదరమునందు కొంతభాగమును పదునెనిమిది వేసవులు మెల్లగ విప్పి చూడగా, పాతపటమున ఖాళీగ నున్న తావులనిండ కొయ్యయిండ్లును, నూతులును, రోమకులు రాకముందటి వీథులును బయటపడినవి. ఒక బావి అడుగుపొరలో ఒలీవపండు గింజయు, ధనియములు, సోయకూర, సెలరీ విత్తనములును చిక్కినవి. పొరయొక్క వయస్సునుబట్టి అవి క్రీ.శ. 43లో రోమక చక్రవర్తి క్లాడియసు సేనలు దిగకమునుపే మధ్యధరాప్రాంతపు రుచులు ఇచటికి చేరినట్లు నిరూపించినవి. ఆ ఒలీవగింజ పైపొరలో దొరకియుండినచో ఎవ్వరును లెక్కింపకపోయెడివారు. విలువ గింజది కాదు, అది పడియున్న లోతుది.

దీనికి విపర్యయముగ ఒక బంగారుటుంగరపు కథ కలదు. 1785లో సిల్చెస్టర్ ప్రాంతమున దున్నిన పొలములో దొరకిన యీ యుంగరము మీద వీనస్ దేవత రూపమును, సెనిసియానసు అనువాడు దేవునియందు జీవించుగాక యను క్రైస్తవాశీర్వచనమును కలవు. చెక్కినవాడు ఒక అక్షరమును అధికముగ చెక్కి, చివరి యక్షరమునకు తావులేక విడిచిపెట్టెను. కొన్ని దశాబ్దములకు పిమ్మట, పడమట చాలదూరముననున్న లిడ్నీ దేవాలయమున ఒక సీసపురేకు లభించినది. సిల్వియానసు అనువాడు తన యుంగరము పోయినదని నోడెన్సు దేవునికి మొఱపెట్టుకొని, దాని వెలలో సగము స్వామికి ముడుపు కట్టి, సెనిసియానసు అను పేరుగలవారిలో నెవ్వనికిని, ఉంగరము కోవెలకు చేరువఱకు, ఆరోగ్యము కలుగనీయకుమని శపించినాడు! 1928–29లో లిడ్నీని త్రవ్విన మార్టిమర్ వీలరు ఈ రెంటిని జోడించి చూచెను. ఆ దేవుని నామమునుగూర్చి ఆక్స్‌ఫర్డు భాషాపండితుడు టోల్కీన్‌చే ఒక వ్యాసము వ్రాయించుకొనెను. టోల్కీన్ తరువాత ఉంగరమునుగూర్చి మహాకథ వ్రాయుటచే ఈ యుంగరమే దానికి మూలమని ప్రచారము పెరిగినది. అందు ప్రచారము పాలే హెచ్చు. అంతకంటె నన్ను కలచునది వేఱొకటి. సెనిసియానసు అను పేరు ఆ కాలమున అరుదుకాదు. ఉంగరము పొలములో ఏ మూల, ఏ లోతున, ఎవని యింటి శిథిలములో పడియుండెనో నాగలి పట్టినవాడు గుర్తుపెట్టలేదు గనుక, ఇద్దఱు సెనిసియానసులు ఒక్కడేనా యను వ్యాజ్యమునకు సాక్షి శాశ్వతముగ లేకపోయెను. ఇంత చక్కని కథ, పండ్రెండు గ్రాముల బంగారము, రెండును మిగిలినవి, స్థానమొక్కటి పోయినది.

వీలరు ఆ పాఠమును మన దేశమునకు తెచ్చెను. భారత పురావస్తుశాఖకు అధిపతియై 1945లో పుదుచ్చేరి చెంత అరికమేడున త్రవ్వినపుడు, ఇటలీదేశపు అర్రెటైన్ కుండపెంకులు స్థానిక కుండలతో ఒకే పొరలో చిక్కగా, ఇటలీలో వాని కాలము ముందే నిశ్చయమై యున్నందున, తోడున్న భారతీయ పాత్రలకును క్రీస్తుశకారంభకాలము నిర్ణయమైనది. ఆ పాత్రల యాధారమున 1947లో కర్ణాటకమున బ్రహ్మగిరియందు తాను ఆంధ్రసంస్కృతి యని పేరిడిన సాతవాహనయుగపు పొరలకు కాలము కట్టెను. మన ప్రాచీనచరిత్రలో ఒక ఘట్టమునకు తేదీ చెప్పినవి ఆ విధముగ కొన్ని పగిలిన రోమక పెంకులు. ఎవడైనను వానిని ముందుగనే ఏరుకొని సంచిలో వేసికొనియుండినచో, అవి ఎఱ్ఱని మంటిముక్కలుగ మిగిలెడివి.

కావుననే సిల్చెస్టరువంటి స్థలములకు చట్టపు కంచె గట్టిది. 1979 నాటి పురాతన స్మారకముల చట్టమునుబట్టి సంరక్షితస్థలమున అనుమతి లేక నేల కదల్చుటయు, లోహశోధక యంత్రమును వాడుటయు నేరము. జియోకాషింగ్ నియమములును దీనికి అనుగుణముగనే యున్నవి: నేల త్రవ్వరాదు, గోడరాయి కదల్పరాదు, సంరక్షితస్థలమున అధికారుల యనుమతి లేక పెట్టె నుంచరాదు. గోడసందున చిన్నడబ్బా దూర్చినచో ఏమి కొంప మునిగెనని తోచవచ్చును. కాని కలేవా గోడ చెకుముకిరాళ్ల గోడ. గుండ్రని ఆ రాళ్లు ఒకదానిపై నొకటి నిలువవు గనుక రోమకులు సున్నముతో అదిమి, కొన్ని వరుసల కొకమాఱు వెడల్పు పలకరాళ్లను పఱచి కట్టిరి. సున్నము సడలిన యెడ ఒక్క రాయి లాగినను పది రాలును. వెదకువాడు డబ్బా ఎక్కడున్నదో తెలియక ప్రతి రాతిని కదిపి చూచును గదా!

ఈ నిషేధము క్రీడకు కొఱతకంటె మెఱుగునే తెచ్చినది. ఛందస్సుచేత కట్టువడిన కవులు క్రొత్త పోకడలను కనుగొన్నట్లే, ఆటకాండ్రు పలు తెఱగుల ఉపాయములు పన్నిరి. ఒక పద్ధతిలో, ప్రకటింపబడిన అంకెలు మనలను పురాతనస్థలమునకే తీసికొనిపోవునుగాని అచట పెట్టె యుండదు; గోడచెంత పలకపై నున్న సంవత్సరమును చదివి, ద్వారములను లెక్కించి, ఆ సంఖ్యలను కూడి తీసివేసినచో క్రొత్త స్థానాంకములు వచ్చును; పెట్టె దూరమున ఊరిబాటప్రక్క నేదో కంచెమేకున నుండును. 2004లో అమెరికా భూవిజ్ఞానసంఘముతో కలిసి ఆరంభింపబడిన మఱియొక తెగలో అసలు పెట్టెయే లేదు. వచ్చినవాడు శిలను పరీక్షించి ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను. ఈ గోడవంటి దానికి అది మిక్కిలి తగినది: మెత్తని సుద్దపొరలలో సముద్రపు స్పంజికల సిలికా గడ్డకట్టి యేర్పడిన చెకుముకిరాయి, కంకరనేలపై వెలసిన యీ నగరమునకు దక్షిణపు సుద్దకొండలవైపునుండి ఎన్ని బండ్లపై వచ్చియుండునో యని యోజించుటకు చాలిన పని కలదు. ఇంకొక చిక్కు మాత్రము నియమములకు లొంగదు. ప్రకటితమైన ప్రతి తావునకును జనము నడచుటచే గడ్డి చచ్చి క్రొత్త కాలిదారి పడును. వానలలో అది గట్టు నంటి మన్నును కోయును. దాచినవాడు అట్టి గుర్తులు కనబడగనే పెట్టెను తీసివేసి, ఆ యంకెలను రద్దుపఱచి, మఱియొకచోట క్రొత్తగ దాచవలెను. కలేవా చుట్టునున్న గట్టులపై ఆ పని మూడేండ్ల కొకమాఱు చేసినను తప్పులేదు.